చార్టర్ బడి, సర్కారు బడి: పట్టా ఎవరి పేరున?

మన దగ్గర ‘పబ్లిక్ స్కూల్’ అన్న బోర్డు కనిపిస్తే అది ఫీజు కట్టి చదివే ప్రైవేటు బడి అని అందరికీ తెలుసు. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. అక్కడ పబ్లిక్ స్కూల్ అంటే అచ్చంగా మన సర్కారు బడే. ప్రజల పన్నులతో నడుస్తుంది. ఫీజు ఉండదు. ఆ ప్రాంతంలో ఉండే పిల్లలు ఎవరు వచ్చినా చేర్చుకోవాలి. ముప్పై ఏళ్లకు పైగా ఆ సర్కారు బడి పక్కనే ఇంకో రకం బడి పెరుగుతూ వచ్చింది. దాని పేరు చార్టర్ స్కూల్. దాన్ని ప్రైవేటు బడి అనలేం, పూర్తిగా సర్కారు బడి అనీ అనలేం. డబ్బు సర్కారుది, నడిపేది వేరొకరు.

ఎక్కడో అమెరికాలో ఉన్న బడుల సంగతి ఏజెన్సీ గూడేల్లో ఉన్న మనకెందుకు అని అడగవచ్చు. రెండు కారణాలున్నాయి. ఆ దేశపు ఆదివాసులు కూడా ఈ చరిత్రలో ఉన్నారు, కొన్నిచోట్ల ముందు వరసలో ఉన్నారు. రెండోది, సర్కారు బడిని సర్కారు పద్ధతిలో కాక వేరే సంస్థ చేత నడిపిస్తే బాగుపడుతుందన్న మాట మన దగ్గరా వినబడుతోంది. ఆ మాట వెనుక ఇంకోచోట ఏం జరిగిందో తెలిసి ఉండటం పంతులుకు అవసరం. పంతులు కావాలనుకునే మన యువతకు ఇంకా అవసరం.

చార్టర్ అంటే ఏమిటి?

డీఎస్సీకి చదివినవాళ్లకు 1813 చార్టర్ చట్టం గుర్తుండే ఉంటుంది. ఈస్టిండియా కంపెనీకి బ్రిటిష్ పార్లమెంటు ఇచ్చిన అనుమతిని 1793, 1813, 1833, 1853లలో, ఇరవై ఏళ్లకొకసారి, షరతులు మార్చి మళ్లీ రాశారు. 1813లో ఈ దేశంలో చదువుకు ఏటా లక్ష రూపాయలు కేటాయించాలన్న షరతు చేరింది. అందుకే మనం ఆ సంవత్సరాన్ని బట్టీ పట్టాం.

చార్టర్ బడిలో ఉన్న చార్టర్ కూడా అలాంటిదే. గడువు, షరతులు ఉన్న అనుమతి పత్రం. మన మాటలో పట్టా అనుకుందాం. కొందరు కలిసి ఒక సంస్థగా ఏర్పడి, మేము ఇలాంటి బడి నడుపుతాం, పిల్లలు ఇన్నేళ్లలో ఇంత నేర్చుకుంటారు అని రాసి ఇస్తారు. రాష్ట్ర చట్టం ప్రకారం అధికారం ఉన్న సంస్థ వాళ్లకు మూడేళ్లకో ఐదేళ్లకో పట్టా ఇస్తుంది. పిల్లల లెక్కన సర్కారు డబ్బు వస్తుంది. మామూలు సర్కారు బడికి ఉండే నిబంధనల్లో చాలావాటి నుంచి మినహాయింపు ఉంటుంది. గడువు తీరాక ఫలితాలు చూసి పట్టాను పొడిగిస్తారు, లేదా రద్దు చేస్తారు. రద్దయితే బడి మూతపడుతుంది.

నిబంధనలు తగ్గించి, ఫలితం అడగడం. చార్టర్ బడి సూత్రమంతా ఇదే. చదవడానికి న్యాయంగానే ఉంది. కానీ పట్టా అనేసరికి అది ఎవరి పేరున ఉందన్నది మొదట చూడాలని పోడు భూముల సంగతి తెలిసిన మనకు వేరే చెప్పనక్కర్లేదు.

పంతుళ్ల ఆలోచనగా పుట్టింది

ఈ ఆలోచనకు మొదట ‘చార్టర్’ అని పేరు పెట్టినవాడు రే బడ్. మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. 1974లో ఒక పత్రంగా చదివితే ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1988లో దాన్నే పుస్తకంగా తెచ్చాడు. బడికీ ప్రభుత్వానికీ మధ్య అధికారుల అంతస్తులు ఎక్కువయ్యాయనీ, పాఠం చెప్పే పంతుళ్ల బృందానికే నేరుగా పట్టా ఇచ్చి బాధ్యత అప్పగించాలనీ ఆయన వాదన.

ఆ ఏడాదే, 1988 మార్చి 31న, వాషింగ్టన్‌లో ఆల్బర్ట్ షాంకర్ ఇలాంటి ఆలోచననే దేశం ముందు పెట్టాడు. ఆయన అధికారి కాదు, వ్యాపారి కాదు. అమెరికాలోని రెండు పెద్ద ఉపాధ్యాయ సంఘాల్లో ఒకదానికి అధ్యక్షుడు. అంతకు ముందు ఏడాది జర్మనీలోని కొలోన్ నగరంలో ఒక బడి చూసి వచ్చాడు. అక్కడ పంతుళ్లు చిన్న చిన్న బృందాలుగా ఏర్పడి, ఒకే పిల్లల గుంపుతో ఏళ్ల తరబడి ఉండేవారు. ఏ పాఠం ఎప్పుడు చెప్పాలో, పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలో వాళ్లే తేల్చుకునేవారు. మామూలు బడిలో చదువు ఎక్కని పిల్లల కోసం అలాంటి ప్రయోగాలు చేసే వీలు మన పంతుళ్లకూ ఇవ్వాలని షాంకర్ అడిగాడు. పంతుళ్లు తమంతట తాము ముందుకు రావాలి, సంఘం ఒప్పుకోవాలి, అన్ని రకాల పిల్లలూ కలిసి చదవాలి, అక్కడ నేర్చుకున్న మంచిని మిగతా సర్కారు బడులకు పంచాలి. ఆయన అనుకున్నది ఇది.

ఈ పుట్టుక గుర్తుపెట్టుకోవాలి. చార్టర్ బడి మొదట సర్కారు బడికి పోటీగా ఊహించింది కాదు. సర్కారు బడికి పక్కన ఒక ప్రయోగశాలగా ఊహించింది.

చట్టమయ్యాక

మొదటి చట్టం 1991లో మిన్నెసోటా రాష్ట్రంలో వచ్చింది. రాష్ట్రం మొత్తంలో ఎనిమిది బడులకే అనుమతి. బడి నడిపే బోర్డులో ఎక్కువమంది పంతుళ్లే ఉండాలన్న షరతు ఆ మొదటి చట్టంలో ఉంది. 1992లో సెయింట్ పాల్ నగరంలో సిటీ అకాడమీ అనే మొదటి చార్టర్ బడి తెరిచారు. బడి మానేసిన పిల్లల కోసం పంతుళ్లే పెట్టిన చిన్న బడి అది. 1994లో అదే రాష్ట్రంలో ఒక చిన్న ఊళ్లో న్యూ కంట్రీ స్కూల్ వచ్చింది. అక్కడ పంతుళ్లు సహకార సంఘంగా ఏర్పడి బడి నడిపారు. బడ్జెట్టు, నియామకాలు, పాఠాల తీరు అన్నీ వాళ్ల చేతుల్లోనే.

1992లో కాలిఫోర్నియా రెండో చట్టం చేసింది. ఆ తర్వాత రాష్ట్రాలు ఒకదాని వెంట ఒకటి చట్టాలు చేశాయి. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరు. చాలాచోట్ల పంతుళ్ల బోర్డు అన్న షరతు లేదు. పట్టా పంతుళ్ల బృందాల పేరున కాక, పదులకొద్దీ బడులు నడిపే పెద్ద సంస్థల పేరున వెళ్లసాగింది. కొన్ని రాష్ట్రాల్లో లాభం కోసం పనిచేసే కంపెనీలు కూడా బడుల నిర్వహణలోకి వచ్చాయి. ఈ మార్పు చూసి షాంకర్ 1990లలోనే తన మద్దతు వెనక్కి తీసుకుని, ఈ పోకడను విమర్శించాడు. తాను కోరింది ఇది కాదన్నాడు. 1997లో చనిపోయాడు.

2021 నాటికి ఆ దేశంలో సుమారు 7,800 చార్టర్ బడులు, వాటిలో 37 లక్షల మంది పిల్లలు ఉన్నారు. సర్కారు డబ్బుతో చదివే పిల్లల్లో ఇది ఏడు శాతం దాకా ఉంటుంది. మిగతావాళ్లంతా ఇప్పటికీ మామూలు సర్కారు బడుల్లోనే చదువుతున్నారు.

పంతులుకు తేడా ఎక్కడ?

మామూలు సర్కారు బడిలో పంతులును స్థానిక విద్యా బోర్డు నియమిస్తుంది. రాష్ట్రం ఇచ్చే బోధనా లైసెన్సు ఉండాలి. సర్వీసును బట్టి, చదువును బట్టి జీతం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. చాలా రాష్ట్రాల్లో పని గంటలు, సెలవులు, తరగతిలో ఉండాల్సిన పిల్లల సంఖ్య మీద సంఘానికీ బోర్డుకూ రాతపూర్వక ఒప్పందం ఉంటుంది. కొన్నేళ్ల ప్రొబేషన్ గడిచాక, కారణం చూపి విచారణ జరపకుండా తీసేయడం కుదరదు. మన రెగ్యులర్ పంతులు ఉద్యోగానికి దగ్గరగా ఉంటుంది.

చార్టర్ బడిలో పంతులును ఆ సంస్థే నియమిస్తుంది. లైసెన్సు తప్పనిసరా కాదా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కొన్ని రాష్ట్రాల్లో కొంతమందికి లేకపోయినా సరిపోతుంది. జీతం సంస్థ ఇష్టం. ఉద్యోగం చాలాచోట్ల ఏడాది ఒప్పందమే. సంఘం ఉన్న చార్టర్ బడులు తక్కువ. దేశం మొత్తం మీద చూస్తే చార్టర్ బడుల పంతుళ్లు వయసులో చిన్నవాళ్లు, అనుభవం తక్కువవాళ్లు. సగటు జీతం తక్కువ. ఏడాది తిరిగేసరికి బడి వదిలి వెళ్లేవాళ్లు సర్కారు బడుల కంటే ఎక్కువ.

ఇందుకు పేరుపడ్డ ఉదాహరణ కిప్ బడులు. 1994లో హ్యూస్టన్ నగరంలో ఇద్దరు కుర్ర పంతుళ్లు మొదలుపెట్టారు. పొద్దున ఏడున్నరకు మొదలై సాయంత్రం ఐదింటి దాకా బడి. కొన్ని శనివారాలు బడి, వేసవిలోనూ కొన్ని వారాలు బడి. రాత్రి ఇంటిపని అర్థం కాకపోతే పిల్లలు పంతులుకు ఫోన్ చేయవచ్చు. పేద పిల్లలు బాగా నేర్చుకున్నారు. ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ఇరవై అయిదేళ్ల వయసులో, ఒంటరిగా ఉన్నప్పుడు అలా పనిచేయడం వేరు. ఇల్లు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు ఉన్న పంతులు ఏళ్ల తరబడి అలా పనిచేయగలడా? పిల్లలకు కావాల్సింది రెండేళ్లు దంచి పనిచేసి వెళ్లిపోయే పంతులా, ఇరవై ఏళ్లు ఊరితో ఉండే పంతులా?

ఈ ప్రశ్నకు సమాధానం పంతుళ్లు కొన్నిచోట్ల తామే వెతుక్కున్నారు. 2018 డిసెంబరులో షికాగోలోని ఏసెరో అనే సంస్థకు చెందిన 15 చార్టర్ బడుల పంతుళ్లు, 500 మందికి పైగా, సమ్మె చేశారు. అమెరికా చార్టర్ బడుల చరిత్రలో అదే మొదటి సమ్మె. తరగతిలో పిల్లల సంఖ్య తగ్గించాలని, సర్కారు బడుల పంతుళ్లతో సమానంగా జీతం ఇవ్వాలని అడిగారు. కొద్ది రోజుల్లోనే సంస్థ ఒప్పందానికి వచ్చింది.

పిల్లల చదువు సంగతి ఏమిటి? స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2009లో 16 రాష్ట్రాల బడులను పోల్చి చూశారు. లెక్కల్లో 17 శాతం చార్టర్ బడులు దగ్గరి సర్కారు బడుల కంటే మెరుగ్గా, 37 శాతం అధ్వాన్నంగా ఉన్నాయి. 46 శాతం బడుల్లో తేడా లేదు. 2023లో వాళ్లే మళ్లీ చూసినప్పుడు చార్టర్ పిల్లలు సగటున కొద్దిగా ముందున్నారు. చదవడంలో 16 రోజుల చదువుకు సమానమైనంత, లెక్కల్లో ఆరు రోజుల చదువుకు సమానమైనంత. అంటే చాలా బడులు మెరుగుపడ్డాయి. అయితే బడికీ బడికీ మధ్య ఉన్న తేడా, చార్టర్‌కూ సర్కారుకూ మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువ. బోర్డు మీద రాసిన పేరు చూసి లోపలి చదువును చెప్పలేం.

న్యూ ఆర్లియన్స్

2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను న్యూ ఆర్లియన్స్ నగరాన్ని ముంచింది. కట్టలు తెగి ఊరంతా నీళ్లు. జనం చెల్లాచెదురయ్యారు. ఆ ఏడాది నవంబరులో రాష్ట్రం చట్టం చేసి నగరంలోని ఎక్కువ బడులను తన చేతుల్లోకి తీసుకుంది. బడుల ఉద్యోగులను, 7,000 మందికి పైగా, తీసేశారు. వాళ్లలో ఎక్కువమంది నల్లజాతి వారు, అందులోనూ ఆడవాళ్లు. ఇళ్లు పోయి వేరే ఊళ్లలో తలదాచుకుంటున్న సమయంలో ఉద్యోగాలు కూడా పోయాయి.

తర్వాత బడులు ఒక్కొక్కటిగా చార్టర్ సంస్థలకు వెళ్లాయి. పదిహేనేళ్లు తిరిగేసరికి నగరంలో దాదాపు అన్నీ చార్టర్ బడులే. కొత్త పంతుళ్లలో చాలామంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన యువకులు. టీచ్ ఫర్ అమెరికా లాంటి సంస్థల ద్వారా కొన్ని వారాల శిక్షణతో వచ్చినవాళ్లు వాళ్లలో ఉన్నారు. తుఫానుకు ముందు నగరపు పంతుళ్లలో నల్లజాతి వారు 71 శాతం. పదేళ్లలోపే అది సగానికి కాస్త తక్కువకు దిగింది. తీసేసిన పంతుళ్లు కోర్టుకు వెళ్లారు. కింది కోర్టుల్లో గెలిచారు గానీ, 2014లో రాష్ట్ర సుప్రీం కోర్టులో ఓడిపోయారు.

ఇంకో సంగతీ చెప్పాలి. ఆ నగరంలో పిల్లల పరీక్షల మార్కులు పెరిగాయి, హైస్కూలు పూర్తి చేసేవాళ్లు పెరిగారు. దాన్ని కాదనలేం. కానీ మార్కులతో పాటు ఒక ఊరు ఏం పోగొట్టుకుందో కూడా లెక్క వేయాలి. నల్లజాతి కుటుంబాలకు బడిపంతులు ఉద్యోగం మధ్యతరగతిలోకి వచ్చే మెట్టు. తల్లీ, కూతురూ ఒకే బడిలో పాఠాలు చెప్పిన ఇళ్లుండేవి. పిల్లవాడి ఇల్లు, వీధి, చర్చి తెలిసిన పంతులమ్మ పోయి, నగరం దారులే తెలియని పంతులు వచ్చాడు. ఈ నష్టం ఏ ప్రోగ్రెస్ కార్డులోనూ కనిపించదు.

ఆదివాసుల చేతిలో పట్టా

ఇప్పుడు మన వైపు నుంచి చూద్దాం. అమెరికా ఆదివాసులకు బడి అంటే మొదట దక్కింది శిక్షే. 1879లో పెన్సిల్వేనియాలో కార్లైల్ బోర్డింగ్ బడి పెట్టారు. అలాంటి బడులు తర్వాత వందల సంఖ్యలో వచ్చాయి. పిల్లల్ని ఇంటి నుంచి దూరంగా తీసుకెళ్లి, జుట్టు కత్తిరించి, పేర్లు మార్చి, తల్లి భాష మాట్లాడితే దండించారు. హవాయి దీవుల్లో 1896లో చట్టం చేసి బడుల్లో ఇంగ్లీషే బోధనా భాష అన్నారు. రెండు మూడు తరాలు గడిచేసరికి హవాయి భాష మాట్లాడే పిల్లలు కనబడటమే అరుదైపోయింది.

ఈ దారి మళ్లించిన మొదటి బడుల్లో ముఖ్యమైనది 1966లో అరిజోనా రాష్ట్రంలో నవాహో నేల మీద వచ్చిన రఫ్ రాక్ బడి. చార్టర్ అన్న మాట బడుల విషయంలో ఇంకా ఎవరూ వాడని కాలం. సర్కారు డబ్బు ఇచ్చింది, ఒప్పందం మీద బడిని ఊరికి అప్పగించింది. ఊరు ఎన్నుకున్న బోర్డులో నవాహో పెద్దలు కూర్చున్నారు. వాళ్లలో చాలామంది బడి ముఖం పెద్దగా చూసినవాళ్లు కాదు. అయినా తమ పిల్లలు ఏ భాషలో ఏం నేర్చుకోవాలో వాళ్లకు తెలుసు. నవాహో భాషలో పాఠాలు, నవాహోలో పుస్తకాలు తయారుచేసే కేంద్రం, హాస్టల్లో పిల్లల్ని చూసుకోవడానికి ఊరి తల్లిదండ్రులు. 1975లో వచ్చిన స్వయం నిర్ణయ చట్టంతో ఇలా తెగలే ఒప్పందం మీద బడులు నడిపే దారి దేశమంతటా తెరుచుకుంది.

హవాయిలో 1984లో తల్లిదండ్రులే పూనుకుని పునానా లేయో అనే పసిపిల్లల బడులు మొదలుపెట్టారు. లోపల హవాయి భాష తప్ప ఇంకో భాష లేదు. 1896 నాటి ఆంక్షను 1986లో తొలగించారు. చార్టర్ చట్టం వచ్చాక 2000 నుంచి హవాయి సంస్కృతి, భాష కేంద్రంగా ఎన్నో చార్టర్ బడులు తెరిచారు. ఇవాళ ఆ రాష్ట్రపు చార్టర్ బడుల్లో సగానికి దగ్గరగా అలాంటివే. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీలో 2006లో అనేక తెగల పిల్లల కోసం నేటివ్ అమెరికన్ కమ్యూనిటీ అకాడమీ కూడా చార్టర్ బడిగానే మొదలైంది.

ఇదంతా చూసి పట్టా మన చేతికి వస్తే చాలు అనుకోకూడదు. మిన్నియాపోలిస్‌లో 1972లో ఆదివాసీ ఉద్యమకారులు హార్ట్ ఆఫ్ ది ఎర్త్ అనే బడి పెట్టారు. సర్కారు బడుల్లో అవమానాలు భరించలేక బయటికి వచ్చిన పిల్లలకు అది నీడ అయింది. 1999లో అది చార్టర్ బడిగా మారింది. 2008లో మూతపడింది. కారణం, నిర్వాహకుడే బడి డబ్బు పెద్ద మొత్తంలో మింగేశాడు. మనవాళ్ల పేరున ఉన్న బడి లెక్కల్ని కూడా మనవాళ్లే ఏటా అడగాలి. లేకపోతే ఉద్యమం కట్టిన బడిని ఒక్క మనిషి కూల్చగలడు.

మన నేల మీద

మనకు చార్టర్ చట్టం లేదు. కానీ ఆ ప్రశ్నలన్నీ మన దగ్గరా ఉన్నాయి. సర్కారు డబ్బుతో, శాఖ పద్ధతిలో కాక సొసైటీ పద్ధతిలో నడిచే బడి మనకు 1971లోనే వచ్చింది. నల్గొండ జిల్లా సర్వేల్‌లో తెరిచిన గురుకులం అది. తర్వాత గిరిజన గురుకులాలు వచ్చాయి. 1997–98 నుంచి కేంద్రం ఏకలవ్య బడులు మొదలుపెట్టింది. గూడెంలో ఒక్క పంతులున్న ప్రాథమిక బడి, ఆశ్రమ పాఠశాల, గురుకులం, ఏకలవ్య. ఒకే ఇంట్లోని నలుగురు పిల్లలు నాలుగు రకాల బడుల్లో చదువుతున్నారు. ఆ బడుల్లో పాఠం చెప్పేవాళ్లూ ఒకే రకం కాదు. రెగ్యులర్, కాంట్రాక్టు, సీఆర్టీ, ఔట్‌సోర్సింగ్, గెస్టు. ఒకే పాఠం, ఒకే చాక్‌పీసు, జీతాలు మాత్రం వేరు. ఎండాకాలంలో కొందరికి జీతమే ఉండదు. అమెరికాలో సర్కారు బడికీ చార్టర్ బడికీ మధ్య ఉన్న గీత, మన దగ్గర ఒకే స్టాఫ్‌రూమ్ మధ్యలోంచి పోతోంది.

ఇక ఎవరు పాఠం చెప్పాలన్న ప్రశ్న. 1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో హైమెన్‌డార్ఫ్ చొరవతో గోండు యువకులకు పంతుళ్లుగా శిక్షణ ఇచ్చే కేంద్రం పెట్టారు. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. శిక్షణ పొందిన గోండు యువకులే గూడేల బడుల్లో పంతుళ్లయ్యారు. ఆ ఆలోచనకే చట్టబలం ఇచ్చినట్టుగా, 2000 జనవరిలో వచ్చిన జీవో నంబరు 3 షెడ్యూల్డు ప్రాంతాల్లోని పంతులు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అంది. ఎన్నో గూడేల్లో మొదటి తరం ఉద్యోగస్తులు ఆ జీవో వల్ల వచ్చినవాళ్లే. 2020 ఏప్రిల్ 22న సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టివేసింది. మరోవైపు 2023లో ఏకలవ్య బడుల నియామకాలు ఢిల్లీ నుంచి దేశం మొత్తానికి ఒకేసారి జరిగాయి. తెలుగు రాని పంతుళ్లు మన బడులకు వచ్చారు. గోండి, కోయ, కువి, సవర సంగతి సరేసరి.

ఈ మాటలో ఆ పంతుళ్ల మీద కోపం లేదు. వాళ్లూ పరీక్ష రాసి, ఇల్లు వదిలి వచ్చినవాళ్లే. నేను కోయ గూడెంలో పుట్టి, కోయ పిల్లలకే పాఠం చెబుతున్నవాణ్ని. కోయలో ‘ఏరు’ అంటే నీళ్లు. మొదటి తరగతి పిల్లవాడు ఏరు కావాలని అడిగితే, తెలుగు మాత్రమే తెలిసిన పంతులు వాగుకు పోతానంటున్నాడని అనుకుంటాడు. తెలుగు కూడా రాని పంతులుకు ఏమీ అర్థం కాదు. దాహమైన పిల్లవాడు అలాగే కూర్చుంటాడు. భాష తెలియడం ఒక అర్హత. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రం దాన్ని గుర్తించి 2001లో చట్టం చేసింది. తెగ భాష నేర్పే పంతులు ఆ భాషలో సమర్థుడో కాదో తేల్చే పని ఆ తెగకే అప్పగించి, దాని మాట మీద రాష్ట్రం లైసెన్సు ఇస్తుంది. మన దగ్గర కోయ వచ్చిన డీఎడ్ అభ్యర్థికి ఆ భాష వచ్చినందుకు ఒక్క మార్కు కూడా కలవదు.

మన పట్టా ఎక్కడుంది?

చార్టర్ బడుల చరిత్ర నుంచి నాకు అర్థమైంది ఇది. స్వేచ్ఛ ఉన్న బడి మంచిదా, నిబంధనలున్న బడి మంచిదా అన్నది సగం ప్రశ్నే. ఆ స్వేచ్ఛ ఎవరి చేతిలో ఉందన్నది మిగతా సగం. సెయింట్ పాల్‌లో పంతుళ్ల చేతిలో ఉంటే బడి మానేసిన పిల్లలు తిరిగి వచ్చారు. రఫ్ రాక్‌లో ఊరి చేతిలో ఉంటే భాష నిలబడింది. న్యూ ఆర్లియన్స్‌లో దూరపు సంస్థల చేతిలోకి వెళితే మార్కులు వచ్చాయి, ఊరి పంతుళ్లు పోయారు. సర్కారు బడిలో ఉన్న నిబంధనలన్నీ పనికిమాలినవి కావు. ఏ పిల్లవాణ్ణీ గేటు దగ్గర ఆపకూడదన్నది నిబంధనే. కారణం చెప్పకుండా పంతులును తీసేయకూడదన్నదీ నిబంధనే. అవి పోరాడి తెచ్చుకున్నవి.

కాబట్టి రేపు ఎవరైనా వచ్చి మీ బడిని మేము దత్తత తీసుకుంటాం, విలీనం చేస్తాం, మోడల్ బడిగా మారుస్తాం అంటే వెంటనే చప్పట్లు కొట్టవద్దు, వెంటనే కాదనవద్దు. అడగండి. పంతులును ఎవరు పెడతారు, ఎవరు తీస్తారు? ఒకటో తరగతిలో ఏ భాష మాట్లాడతారు? వెనకబడిన పిల్లవాణ్ని ఉంచుతారా, పంపేస్తారా? లెక్కలు గ్రామసభలో చదువుతారా? సంస్థ వెళ్లిపోతే బడి ఉంటుందా?

ఈ ప్రశ్నలు అడిగే హక్కు ఎవరో దయతో ఇవ్వాల్సింది కాదు. 1996 పెసా చట్టం సామాజిక రంగాల సంస్థల మీద, వాటిలో పనిచేసేవాళ్ల మీద అజమాయిషీని షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీలకూ గ్రామసభకూ ఇవ్వమంది. 2009 విద్యాహక్కు చట్టం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలంది. వీలైనంత వరకు తల్లి భాషలోనే చదువు చెప్పాలని కూడా అదే చట్టం 29వ సెక్షన్‌లో ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 తర్వాత గోండి, కోయ, కొలామి, బంజారా, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా అనే ఎనిమిది భాషల్లో వాచకాలు వచ్చాయి. ఇది చేయగలమని అప్పుడే తేలింది.

మన పట్టా ఈ చట్టాల్లో ఎప్పుడో రాసి ఉంది. పోడు పట్టా కోసం గ్రామసభ పెట్టి, తీర్మానం రాసి, సంతకాలు చేయించి ఆఫీసుల చుట్టూ తిరిగిన గూడేలు మనవి. ఆ పని మనకు వచ్చు. చదువుకున్న యువత ఈ ఏడాది తమ గూడెం బడి కమిటీ రిజిస్టరు ఒకసారి తెరిచి చూడాలి. అందులో ఉన్న వేలిముద్రలు నిజంగా మీటింగులో కూర్చున్నవాళ్లవేనా కనుక్కోవాలి. ఆ తర్వాత వచ్చే గ్రామసభలో బడి ఎజెండా మొదటి అంశంగా పెట్టాలి.